అల్లిక ప్రశ్నలు, జవాబులు: కుట్టు కాగితం మీదికి ఎక్కిన తొలి రోజులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత అల్లిక పుస్తకాల గురించే. లేసు ఊళ్ళ నుంచి వచ్చినవి కాబట్టి క్రోషా (కొక్కెం సూదితో అల్లే పని) సంగతులూ కలిసే ఉన్నాయి. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను ఒకటిగా కలిపి జవాబిస్తున్నాం.

స్వెటర్లు, మేజోళ్ళు అల్లే విధానం మొదటిసారి అచ్చులో ఎప్పుడొచ్చింది? అంతకుముందు ఎలా నేర్చుకునేవారు? (నరసాపురం పాఠకురాలు)

ఇంగ్లీషులో ఇప్పటిదాకా బయటపడినవాటిలో పాతది 1655లో లండన్‌లో అచ్చయిన ‘నాచురా ఎక్సెంటరాటా’ అనే పుస్తకంలో ఉంది. అది అల్లిక పుస్తకం కాదు. మందులు, కషాయాలు, ఇంటి చిట్కాలు గుదిగుచ్చిన లావాటి గ్రంథం. అందులో ఒకచోట మేజోడు అల్లే క్రమం ఉంది. పొడి అక్షరాలు లేవు, వరస నంబర్లు లేవు, బొమ్మ లేదు. గుక్కతిప్పుకోకుండా సాగే వాక్యాలే. మేజోడు అల్లడం ముందే వచ్చినవాళ్ళకు తప్ప కొరుకుడు పడదు.

అల్లిక అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందు నుంచీ ఉంది. మేజోళ్ళు అల్లే మగ్గాన్ని విలియం లీ 1589లోనే తయారుచేశాడు. అంటే యంత్రం పుట్టిన అరవై ఆరేళ్ళకు గానీ చేతి అల్లిక అచ్చులో కనబడలేదు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. పొట్టకూటికి అల్లేవాళ్ళకు కాగితంతో పని లేదు. మడమ ఎక్కడ తిప్పాలో, పిక్క దగ్గర ఎన్ని కుట్లు తగ్గించాలో తల్లి చేతిని చూసి నేర్చుకున్నారు. పుస్తకం అక్కరపడింది తీరిక ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళకు. వాళ్ళకు ఊలు అమ్మే దుకాణాలు వచ్చాక అచ్చు డిజైన్లు జోరందుకున్నాయి. ఇంగ్లండు, స్కాట్లండుల్లో అది 1830ల తర్వాతి మాట. జర్మనీ కాస్త ముందుంది. నెట్టో, లేమన్ అనే ఇద్దరు కలిసి రాసిన అల్లిక పుస్తకం 1800లోనే లైప్‌జిగ్‌లో అచ్చయింది.

పొడి అక్షరాలతో డిజైను రాసే పద్ధతి ఎవరు పెట్టారు? నా దగ్గరున్న పాత పుస్తకం నకలులో పి, ఓ, టి, బి అని ఉన్నాయి. ఇప్పటి పుస్తకాల అర్థంతో అల్లితే నమూనా రావడం లేదు. (భీమవరం పాఠకురాలు)

మీ నకలు జేన్ గోగెన్ పద్ధతిలో ఉన్నట్టుంది. ఈమె ఎడింబరోలో జార్జ్ స్ట్రీట్‌లో భర్తతో కలిసి ఊలు, అల్లిక సామగ్రి దుకాణం నడిపింది. దుకాణానికి వచ్చేవాళ్ళ కోసం డిజైన్లు రాసిస్తూ, 1840లో వాటిని ‘ది లేడీస్ అసిస్టెంట్’ పేరుతో పుస్తకంగా తెచ్చింది. ముందుగా చందా కట్టినవాళ్ళ పేర్ల పట్టిక కూడా అందులోనే అచ్చయింది. ఒక్కో కుట్టుకు ఒక్కో అక్షరం పెట్టి, పేజీ పట్టే వివరణను నాలుగైదు పంక్తులకు కుదించడం ఆమె చేసిన గొప్ప పని. ఈ రంగంలో ఆమెకు రావలసినంత పేరు రాలేదని మా అభిప్రాయం.

మీకు ఎదురైన చిక్కు ‘పి’ దగ్గర ఉంది. ఇప్పటి పుస్తకాల్లో పి అంటే పర్ల్, అంటే నిట్‌ను తిరగేసిన కుట్టు. గోగెన్ పుస్తకంలో పి అంటే ప్లెయిన్, అంటే మామూలు నిట్ కుట్టు. పర్ల్‌కు ఆమె వాడిన అక్షరం బి. ‘ఓ’ అంటే సూది మీద దారం వేసి కొత్త కుట్టు పుట్టించడం, చిల్లు వచ్చేది దీనితోనే. ‘టి’ అంటే రెండు కుట్లు కలిపి ఒకటి చేయడం. కొన్నిచోట్ల అక్షరం తలకిందులుగా అచ్చయి ఉంటుంది. అది అచ్చు తప్పు కాదు, వేరే రకం కుట్టుకు గుర్తు. జిరాక్సులో మచ్చ అనుకుని వదిలేయకండి.

ముందు ఈ చిన్న ముక్క అల్లి చూడండి. 24 కుట్లు ఎక్కించండి. మొదటి వరస: 1 పి, తర్వాత ‘ఓ, టి’ పదకొండు సార్లు, చివర 1 పి. రెండో వరస అంతా పర్ల్. ఈ రెండు వరసలూ పది సార్లు వేస్తే జల్లెడలాంటి ముక్క వస్తుంది. ప్రతి ఓ ఒక కుట్టు కలుపుతుంది, ప్రతి టి ఒకటి తీసేస్తుంది, కాబట్టి ఎప్పుడు లెక్కపెట్టినా 24 ఉండాలి. 23 వస్తే ఒక ఓ మరిచారు. 25 వస్తే ఎక్కడో టి బదులు ఒక్క కుట్టే అల్లారు.

ఓ వేసే తీరులోనూ పొరపాటు జరుగుతుంది. రెండు నిట్ కుట్ల మధ్య అయితే దారాన్ని సూదుల నడుమ నుంచి ముందుకు తెచ్చి, తర్వాతి కుట్టు అల్లితే చాలు. దారం సూది మీదుగా వెనక్కి పోతుంది. పర్ల్ తర్వాత నిట్ వచ్చేచోట దారం ముందే ఉంటుంది కనుక నేరుగా అల్లాలి. నిట్ తర్వాత పర్ల్ వచ్చేచోట మాత్రం దారాన్ని ముందుకు తెచ్చి, సూది చుట్టూ ఒక పూర్తి చుట్టు తిప్పి మళ్ళీ ముందుకే తేవాలి. ఆ చుట్టు వేయకపోతే చిల్లు రాదు, లెక్కలో ఒకటి తగ్గుతుంది. పాత పుస్తకాలు ఈ మూడు సందర్భాలనూ వేరువేరుగా చెప్పవు. చదివేవాళ్ళకు వచ్చని వదిలేస్తాయి.

పాత పుస్తకంలోని లేసు అంచు అల్లుతుంటే వరస వరసకీ కుట్లు పెరిగిపోతున్నాయి. తప్పు నాదా, పుస్తకానిదా? (రాజోలు పాఠకురాలు)

మీరు పంపిన వరస ఇది: 2 పి, టి, ఓ, 1 పి, ఓ, 4 పి. తొమ్మిది కుట్ల డిజైను అని పైన రాసి ఉంది. సూది పట్టకముందే కాగితం మీద దీన్ని తేల్చవచ్చు.

ప్రతి గుర్తుకూ రెండు అంకెలు వేయండి: ఎడమ సూది మీద ఎన్ని కుట్లు తింటుంది, కుడి సూది మీదికి ఎన్ని ఇస్తుంది. పి, బి రెండూ ఒకటి తిని ఒకటి ఇస్తాయి. ఓ ఏమీ తినదు, ఒకటి ఇస్తుంది. టి రెండు తిని ఒకటి ఇస్తుంది. మూడు కలిపి ఒకటి చేసే కుట్టయితే మూడు తిని ఒకటి ఇస్తుంది. మీ వరసలో తినేవి 2, 2, 0, 1, 0, 4. మొత్తం 9. ఇచ్చేవి 2, 1, 1, 1, 1, 4. మొత్తం 10. అంటే మీ చేతి తప్పు కాదు. పుస్తకం ప్రకారమే అల్లితే కుట్టు పెరిగి తీరాలి.

ఎక్కడ పోయిందన్నది డిజైనే చెబుతుంది. నడుమ 1 పి ఉంది, దానికి అటూ ఇటూ ఓ ఉంది. ఎడమ పక్క ‘2 పి, టి, ఓ’ ఉంటే కుడి పక్క అద్దంలో బొమ్మలా ‘ఓ, టి, 2 పి’ ఉండాలి. అక్కడ ‘టి, 2 పి’ బదులు ‘4 పి’ అని పడింది. సరిచేస్తే వరస: 2 పి, టి, ఓ, 1 పి, ఓ, టి, 2 పి. తినేవి 9, ఇచ్చేవి 9.

ఒక జాగ్రత్త. అన్ని వరసలూ సమంగా ఉండాలన్న నియమం లేదు. అంచు లేసుల్లో రంపపు పళ్ళ ఆకారం కోసం కావాలనే నాలుగైదు వరసలు ఒక్కో కుట్టు పెంచుకుంటూ పోయి, చివరి వరసలో అన్నీ ఒక్కసారే ముగిస్తారు. అందుకే ఒక్క వరస చూసి దిద్దకండి. డిజైను మొత్తం లెక్కకట్టి, చివరి వరసయ్యాక మొదటి లెక్కకు తిరిగి వస్తోందా లేదా చూడండి.

పుస్తకంలో 14 నంబరు సూది అని ఉంది. 14 పెద్ద అంకె కదా అని లావు సూది కొన్నాను. మేజోడు గోనెసంచిలా వచ్చింది. (అమలాపురం పాఠకురాలు)

పాత బ్రిటిష్ కొలతలో అంకె పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. అది తీగల గేజీ (తీగ మందాన్ని చెప్పే కొలత) నుంచి వచ్చిన లెక్క. తీగను అచ్చు రంధ్రం గుండా ఎక్కువసార్లు లాగితే ఎక్కువ సన్నమవుతుంది, నంబరూ పెరుగుతుంది. ఆ ప్రకారం 8 నంబరు 4 మి.మీ., 10 నంబరు 3.25 మి.మీ., 12 నంబరు 2.75 మి.మీ., 14 నంబరు 2 మి.మీ. మీకు కావలసింది 2 మి.మీ. సూది.

1840ల పుస్తకమైతే ఈ అంకెలను కూడా ఉజ్జాయింపుగానే తీసుకోండి. అప్పట్లో గేజీలు ఊరికొకటి, తయారీదారుకొకటి. తీగ గేజీకి బ్రిటన్‌లో చట్టబద్ధమైన ఒకే కొలత 1884లో వచ్చింది. అంతకు నలభై ఏళ్ళ ముందే మిస్ లాంబర్ట్ అనే రచయిత్రి ఈ ఇబ్బంది గుర్తించి, చిల్లులున్న కొలత రేకు ఒకటి నిర్ణయించి, దాని ప్రకారమే సూది నంబర్లు ఇచ్చింది. 1843 నాటి ఆమె ‘మై నిట్టింగ్ బుక్’ ఆ రోజుల్లో విపరీతంగా అమ్ముడుపోయింది. డిజైన్‌తో పాటు పనిముట్టు కొలత కూడా చెప్పాలన్న పట్టుదల ఆమెది. ఇన్ని కుట్లకు ఇన్ని అంగుళాలు రావాలి అని చెప్పే అలవాటు మాత్రం తొలి పుస్తకాల్లో లేదు.

కాబట్టి ఆ లెక్క మీరే వేసుకోవాలి. 30 కుట్లు ఎక్కించి, 4 అంగుళాల ఎత్తు అల్లి, తడిపి, ఆరబెట్టి, నడుమ 2 అంగుళాల్లో ఎన్ని కుట్లున్నాయో చూడండి. అంచుల దగ్గర కొలవకండి, అక్కడ కుట్లు సాగుతాయి. 2 అంగుళాలకు 16 కుట్లుంటే అంగుళానికి 8. పాదం చుట్టుకొలత 8 అంగుళాలైతే 64 కుట్లు. మేజోడు సాగి పట్టుకోవాలి కనుక అందులో పదో వంతు తగ్గించి 58 కానీ, రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున అల్లే పట్టీ ఉంటే నాలుగుతో భాగం పోయేలా 56 కానీ పెట్టండి.

క్రోషా డిజైన్లు అచ్చయింది నిట్టింగ్ (రెండు సూదుల అల్లిక) కంటే ముందా, వెనకా? ఒకే కుట్టుకు ఒక పుస్తకంలో డబుల్ అనీ, ఇంకోదానిలో సింగిల్ అనీ ఎందుకుంటుంది? (తణుకు పాఠకురాలు)

చాలా వెనక. క్రోషా అనే పేరుతోనే వివరణ ఇచ్చిన తొలి అచ్చు 1823లో, ‘పెనెలోపె’ అనే డచ్చి పత్రికలో కనబడుతుంది. పట్టుదారంతో అల్లే చిన్న డబ్బు సంచుల డిజైన్లు, రంగుల బొమ్మతో సహా. ఇంగ్లీషులో 1840ల నుంచి వరద మొదలైంది. ఎలియనోర్ రీగో ద లా బ్రాంషార్డియేర్ అనే ఆమె 1846 నుంచి నాలుగు దశాబ్దాల పాటు పదుల సంఖ్యలో చిన్న పుస్తకాలు అచ్చువేసింది. ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్ళి కరువు వచ్చిన ఆ ఏళ్ళలోనే క్రోషా లేసు అక్కడి పేద ఇళ్ళకు కూడు పెట్టింది. కాన్వెంట్లలో నేర్పించారు. మన గోదావరి డెల్టాకూ లేసు 19వ శతాబ్దం నడిమి కాలంలో మిషనరీల ద్వారానే వచ్చింది. నరసాపురం లేసు కథ, ఐర్లండు లేసు కథ అక్కచెల్లెళ్ళు.

పేర్ల తేడా బ్రిటన్‌కూ అమెరికాకూ మధ్యది. దారం చుట్టకుండా సూది దూర్చి తీసే పొట్టి కుట్టును బ్రిటన్ పుస్తకం డబుల్ అంటుంది, అమెరికా పుస్తకం సింగిల్ అంటుంది. సూది మీద ఒకసారి దారం చుట్టి తీసే పొడుగు కుట్టు బ్రిటన్‌లో ట్రెబుల్, అమెరికాలో డబుల్. బ్రిటన్ డిజైన్‌ను అమెరికా పేర్లతో చదివితే ప్రతి కుట్టూ ఒక మెట్టు పొడుగవుతుంది. బల్లగుడ్డ వదులు వదులుగా, ముడతలు పడి వస్తుంది, దారమూ ఎక్కువ తాగుతుంది. పుస్తకంలో ఎక్కడైనా సింగిల్ క్రోషా అన్న మాట కనబడితే అమెరికా పద్ధతి అని ఇప్పటి పుస్తకాల్లో అనుకోవచ్చు. 19వ శతాబ్దపు పుస్తకాలకు ఆ గుర్తు కూడా నమ్మకం కాదు. మొదటి పేజీల్లో కుట్టు ఎలా వేయాలో చెప్పే వాక్యమే ప్రమాణం. కొక్కెం రెండు పోగుల కిందనుంచి పోవాలా, వెనక పోగులోనే పోవాలా అన్నదీ అక్కడే చూడండి.

గళ్ళ కాగితం మీద పువ్వుల బొమ్మ చూసి అల్లాను. కాగితం మీద గుండ్రంగా ఉన్న పువ్వు స్వెటర్ మీద నొక్కేసినట్టు వచ్చింది. (మొగల్తూరు పాఠకురాలు)

గళ్ళ బొమ్మలు అల్లిక పుస్తకాల కంటే పాతవి. వించొలొ అనే ఇటలీ కళాకారుడి గళ్ళ నమూనాలు 1587లోనే పారిస్‌లో అచ్చయ్యాయి, వల మీద సూదిపనికి. నురెంబర్గ్‌లో రోజినా హెలెనా ఫ్యూర్స్ట్ 17వ శతాబ్దం రెండో సగంలో తెచ్చిన నమూనా పుస్తకాల్లో అల్లికకు పనికొచ్చేవీ ఉన్నాయి.

గడి చదరం, నిట్ కుట్టు చదరం కాదు. అడ్డం ఎక్కువ, నిలువు తక్కువ. 10 సెం.మీ.కి 20 కుట్లు, 28 వరసలు వచ్చే అల్లికలో 40 గళ్ళ అడ్డం, 40 గళ్ళ నిలువు ఉన్న పువ్వు 20 సెం.మీ. వెడల్పు, 14 సెం.మీ. పైచిలుకు ఎత్తు వస్తుంది. 28ని 20తో భాగిస్తే 1.4. కాబట్టి బొమ్మను 40 వరసల బదులు 56 వరసలకు సాగదీసి గీసుకోండి. ప్రతి ఐదు వరసల్లో రెండింటిని రెండుసార్లు అల్లినా అదే లెక్క. గళ్ళ క్రోషాలో ఈ బాధ తక్కువ.

మా అత్తగారు లేసు పువ్వులు కళ్ళు మూసుకుని అల్లుతారు. ఎక్కడా రాసి లేవు. కాగితం మీద ఎలా పెట్టాలి? (పాలకొల్లు పాఠకురాలు)

వచ్చిన ఉత్తరాలన్నిటిలో మాకు బాగా నచ్చినది ఇది. వెంటనే మొదలుపెట్టండి. మన లేసుపని ముక్కలు ముక్కలుగా పంచుకున్న పని. చేతిపని అల్లేవాళ్ళు వేరు, అతుకుపని చేసేవాళ్ళు వేరు, అంచు కాజాకట్టు వేసేవాళ్ళు వేరు. 1982లో నరసాపురం లేసుపనివాళ్ళ మీద పుస్తకం రాసిన మరియా మీస్ ఈ విభజనను నమోదు చేసింది. దీనివల్ల పూర్తి బల్లగుడ్డ ఎలా తయారవుతుందన్నది చాలాసార్లు ఏ ఒక్క చేతికీ తెలియదు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. పువ్వును కాపాడేది కాగితమే.

అత్తయ్యగారిని మామూలు వేగంతో ఒక పువ్వు, మీరు చెప్పినచోట ఆగుతూ ఇంకో పువ్వు అల్లమనండి. ఆపి ఆపి అల్లితే చెయ్యి బిగుసుకుంటుంది, అందుకే కొలతలు మొదటి పువ్వు మీద తీసుకోవాలి. ప్రతి చుట్టు ముగిశాక ఫొటో తీయండి, కుట్లు లెక్కపెట్టి రాయండి. మూడో పువ్వు మీరు ఆ కాగితం చూసి అల్లండి, ఆవిడను అడక్కుండా. మీరు ఆగిపోయిన చోటే కాగితంలో లోపం ఉన్న చోటు.

కుట్టు పేరు రాసేముందు, ఆ కుట్టు ఎలా వేస్తారో ఒక వాక్యం రాయండి. డబుల్, సింగిల్ గొడవ తణుకు జవాబులో చూశారు కదా. ఒక చిన్న పువ్వు ఎలా రాయాలో ఇక్కడ ఇస్తున్నాం. దారం 20 నంబరు, సూది 1.25 మి.మీ.

ఉంగరం: 8 చైన్లు (గొలుసు కుట్లు) వేసి మొదటి చైనులో జారుడు కుట్టుతో కలపాలి.
మొదటి చుట్టు: 3 చైన్లు, ఇవి మొదటి పొడుగు కుట్టు కింద లెక్క. ఉంగరంలోకి 23 పొడుగు కుట్లు. కలపాలి. మొత్తం 24.
రెండో చుట్టు: కలిపినచోటే 1 పొట్టి కుట్టు. తర్వాత 5 చైన్లు, రెండు కుట్లు వదిలి మూడోదానిలో 1 పొట్టి కుట్టు. ఇలా చుట్టూ వెళ్ళి, ఆఖరి 5 చైన్లను మొదటి పొట్టి కుట్టుకు కలపాలి. మొత్తం 8 తోరణాలు.
మూడో చుట్టు: ఒక్కో తోరణంలో 1 పొట్టి, 1 నడిమి, 5 పొడుగు, 1 నడిమి, 1 పొట్టి. తోరణానికి 9 చొప్పున మొత్తం 72. కలిపి దారం తెంపాలి.

పొడుగు కుట్టంటే ఒకసారి దారం చుట్టి, దూర్చి, రెండేసి పోగుల చొప్పున రెండుసార్లు తీసేది. నడిమి కుట్టంటే ఒకసారి చుట్టి, దూర్చి, మూడు పోగులూ ఒక్కసారే తీసేది. ఈ రెండు వాక్యాలూ డిజైను పైన ఉండాలి.

‘మొత్తం’ అన్న అంకె ప్రతి చుట్టుకూ వేయడం మానకండి. మొదటి 3 చైన్లను లెక్కలోకి తీసుకోకుండా ఇంకా 24 వేస్తే 25 అవుతాయి, రెండో చుట్టు చివర ఒక కుట్టు మిగిలిపోయి తోరణం వంకరపోతుంది. పువ్వు గిన్నెలా లోపలికి వంగితే 5 చైన్లు ఆవిడ చేతికి బిగుతు, 6 చేసి చూడండి. అంచులు అలల్లా లేస్తే ఎక్కువైనట్టు.

ఆఖరున, ఆరిన పువ్వు అడ్డం కొలత మి.మీ.లలో రాయండి. ఒకరి పువ్వు 10 సెం.మీ., ఇంకొకరిది 9.5 సెం.మీ. అనుకోండి. విడిగా చూస్తే తేడా తెలియదు. ఇరవై పువ్వుల వరసకు వచ్చేసరికి 10 సెం.మీ. తేడా. అతుకుపని చేసే ఆవిడ ఆ తేడాను లాగి సర్దాలి, ఉతికాక గుడ్డ అక్కడే పీకుతుంది. కొలత రాసి ఉంటే పువ్వు దగ్గరే సూది మార్చి సరిచేసుకోవచ్చు.

పాత పుస్తకం పేజీలు పెళుసుబారాయి. వానాకాలం చెమ్మ, సముద్రపు గాలి. ఎలా దాచాలి? (అంతర్వేది పాఠకురాలు)

19వ శతాబ్దం మొదటి సగం కాగితం చింకిగుడ్డల గుజ్జుతో చేసింది, గట్టిది. ఆ తర్వాత కర్ర గుజ్జు వచ్చింది, దానిలోని ఆమ్లం వల్ల పేజీలు గోధుమరంగుకు తిరిగి విరుగుతాయి. సెలోటేపు అంటించకండి, జిగురు కాగితంలోకి ఇంకి మచ్చ పడుతుంది. లామినేషన్ వద్దు, మళ్ళీ తీయలేరు. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టకండి. పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి ఫ్యాను కింద నీడలో ఆరబెట్టి, ఆ కాగితాలు తడిసినప్పుడల్లా మార్చండి. పచ్చి వేపాకు పెట్టొద్దు, దాని చెమ్మే బూజు తెస్తుంది. అన్నిటికంటే ముందు ప్రతి పేజీనీ పగటి వెలుతురులో ఫొటో తీసి, ఆ నకలు చూసి అల్లుకోండి. ఉక్కు కొక్కెం సూదులను పుస్తకంతో కలిపి ఒకే డబ్బాలో పెట్టకండి. తుప్పు మరక కాగితానికీ, ఆ తర్వాత తెల్ల దారానికీ అంటుతుంది. పని అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, సూదులను వేరే డబ్బాలో పెట్టండి.